బస్సులో కాపురం, వెనక మోటార్ సైకిల్: ఆస్ట్రేలియా ఔట్‌బ్యాక్‌కి ఎలా వెళ్లాలి

అడిలైడ్‌లో మా ఇంటి గేటు నుంచి ఉలురు కొండ దాకా సుమారు 1,600 కిలోమీటర్లు. మేమిద్దరం ఆ దారిలో పాత టొయోటా కోస్టర్ బస్సులో, వెనక ట్రైలర్ మీద మోటార్ సైకిల్ కట్టుకుని వెళ్లొచ్చాం. ఇలా వెళ్లాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగే తెలుగువాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. అందుకే మొదటినుంచి చివరిదాకా ఏం చేయాలో రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు ఒక నియమం పెట్టుకోండి. బస్సు తారు రోడ్డు దిగకూడదు. మట్టి దారి వస్తే బస్సు ఆపి, బండి దింపుకుని వెళ్లాలి. ఔట్‌బ్యాక్ అంటే ఆస్ట్రేలియా లోపలి భాగంలో జనం పలచగా ఉండే ఎండు నేల. అక్కడి మట్టి రోడ్ల మీద రేకుల షెడ్డు పైకప్పులాగా అడ్డంగా వరసగా గతుకులు పడి ఉంటాయి. వాటి మీద బస్సు పది కిలోమీటర్లు పోతే చాలు, అల్మారాల స్క్రూలు ఊడి నేల మీద దొర్లుతాయి, గ్యాస్ పైపు బిగింపులు వదులవుతాయి. ఇక బుల్‌డస్ట్ అనే మెత్తటి ఎర్రదుమ్ము ముఖానికి రాసుకునే పౌడర్‌లా ఉంటుంది. తలుపు సందుల్లోంచి వచ్చి బియ్యం డబ్బాలో కూడా చేరుతుంది. వెనక బండి ఉంది కదా, బస్సుని ఆ బాధ పెట్టాల్సిన పనే లేదు. కింద చెప్పేదంతా ఈ నియమం మీదే ఆధారపడి ఉంది.

బస్సు, లైసెన్సు

బస్సు కొనేటప్పుడు అందరూ ఇంజన్ చూస్తారు, తుప్పు చూస్తారు. అవి చూడాల్సినవే. కానీ ముందు జీవీఎం చూడండి. బస్సు, లోపలి సామాను, నీళ్లు, మనుషులు అంతా కలిపి అనుమతించిన గరిష్ఠ బరువు అది. 4.5 టన్నులు దాటకుండా, డ్రైవర్‌తో కలిపి 12 సీట్లకు మించకుండా ఉంటే మామూలు కారు లైసెన్సు చాలు. అది దాటితే 8 టన్నుల దాకా లైట్ రిజిడ్ లైసెన్సు కావాలి. కోస్టర్లు చాలావరకు 4.5 టన్నుల పైనే ఉంటాయి. కారు లైసెన్సుతో నడపొచ్చని కొందరు రిజిస్ట్రేషన్‌లో జీవీఎంని 4,495 కిలోలకు తగ్గించుకుంటారు. నేనైతే ఆ పని వద్దంటాను. మంచం, వంటగట్టు, బ్యాటరీలు, ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు పెట్టాక సామానుకి మిగిలే బరువు ఎంతో ఉండదు. లైసెన్సు పరీక్ష రాయండి. నాలుగు గంటలు పెద్ద బండి నేర్చుకున్న చేతికి వచ్చే ధైర్యం ఈ ప్రయాణంలో చాలా పనికొస్తుంది.

బస్సుని మోటార్‌హోమ్‌గా మార్చి రిజిస్టర్ చేయించే పద్ధతి ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది. పని మొదలుపెట్టకముందే మీ రాష్ట్ర రవాణా శాఖని, వాళ్ల జాబితాలో ఉన్న ఇంజనీర్‌ని కలవండి. సీట్లు పీకేశాక వెళ్లి అడిగితే ఒకే పని రెండుసార్లు చేయాల్సి వస్తుంది. గ్యాస్ పని లైసెన్సున్న గ్యాస్‌ఫిట్టర్‌తో, 240 వోల్టుల వైరింగ్ లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో చేయించి సర్టిఫికెట్లు తీసుకోండి. చెక్కపని, పరుపు, కర్టెన్లు మీ ఇష్టం, మీ చేత్తో చేసుకోండి.

ట్రైలరా, ర్యాకా?

బస్సు వెనక టో బార్‌కి, అంటే ట్రైలర్ తగిలించే ఇనప కడ్డీకి, బిగించే ర్యాక్ మీద బండి పెట్టుకోవచ్చని చాలామంది అనుకుంటారు. చూడ్డానికి సుఖంగానే ఉంటుంది, రివర్స్ చేయడం తేలిక. కానీ కోస్టర్‌కి వెనక చక్రాల తర్వాత బాడీ చాలా పొడుగు. ఆ చివరన ఒక 165 కిలోల బండి వేలాడితే, తక్కెడ కొసన రాయి పెట్టినట్టే. వెనక ఇరుసు మీద 165 కంటే ఎక్కువ బరువే పడుతుంది, ముందు చక్రాల మీద బరువు తగ్గుతుంది. స్టీరింగ్ తేలిపోతుంది. అందుకే ట్రైలరే మేలు.

బండి బరువుగా ఉండాల్సిన అవసరం లేదు. మాది సుజుకీ డీఆర్650, సుమారు 165 కిలోలు. ఇంకా తేలిక కావాలంటే ఇక్కడ పోస్ట్‌మ్యాన్లు ఏళ్ల తరబడి నడిపిన హోండా సీటీ110 ఉంది, సుమారు 90 కిలోలు. మన పల్లెల్లో టీవీఎస్ ఎక్సెల్‌కి ఎంత పేరుందో ఇక్కడ దానికి అంత పేరు. హైవే మీద పరిగెత్తలేదు గానీ, ముప్పై కిలోమీటర్ల మట్టి దారికి ఏ లోటూ ఉండదు. ఏ బండైనా రిజిస్ట్రేషన్ ఉండాలి, మీకు మోటార్ సైకిల్ లైసెన్సు ఉండాలి, తలకి హెల్మెట్ ఉండాలి. ఔట్‌బ్యాక్ కదా, ఎవరు చూస్తారు అనుకోకండి.

ట్రైలర్, బండి కలిపి 450 కిలోలు అనుకుందాం. 750 కిలోల లోపు ట్రైలర్‌కి ఇక్కడ విడిగా బ్రేకులు తప్పనిసరి కాదు. ట్రైలర్ ముక్కు టో బాల్ (టో బార్ చివర ఉండే ఇనప గుండు) మీద పెట్టే బరువు మొత్తంలో సుమారు పదో వంతు ఉండాలి, అంటే 45 కిలోలు. అది తక్కువైతే ట్రైలర్ తోక ఊపుతుంది. దీన్ని కొలవడానికి ఇంట్లో మనం బరువు చూసుకునే మిషన్ చాలు. మిషన్ మీద టో బాల్ ఎత్తుకి సరిపడా చెక్క దిమ్మ నిలబెట్టి, ట్రైలర్ ముక్కు దాని మీద ఆనించి చూడండి. తక్కువ చూపిస్తే బండిని నాలుగంగుళాలు ముందుకి జరిపి మళ్లీ చూడండి.

వైరింగ్‌లో ఒక చిక్కు ఉంది. ఇలాంటి బస్సుల్లో కొన్నిటికి 24 వోల్టులు ఉంటాయి. మామూలు ట్రైలర్ బల్బులు 12 వోల్టులవి. తెలియక ప్లగ్ పెడితే అన్నీ ఒకేసారి మాడిపోతాయి. రెండిటికీ పనిచేసే ఎల్ఈడీ లైట్లు దొరుకుతాయి, అవే వేయించండి.

అన్నీ సర్దుకుని, ట్యాంకులు నింపి, మనుషులు ఎక్కి కూర్చుని ఒకసారి వే బ్రిడ్జికి వెళ్లండి. మన లారీలు ధర్మకాటా మీద ఎక్కినట్టే. ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ విడివిడిగా తూచమని అడగండి. మొత్తం సరిపోయినా వెనక ఇరుసు ఒక్కటే మించి ఉండొచ్చు. మాకు అలాగే అయింది. వెనక డిక్కీలో పెట్టిన రెండో నీళ్ల ట్యాంకుని ముందుకి మార్చాల్సి వచ్చింది.

బండిని కట్టడం

ఇక్కడ తొందరపడకండి. ఇద్దరుండాలి.

ముందు చక్రాన్ని ట్రైలర్ మీద ఉండే చక్రం పట్టులోకి నెట్టండి. ఒకరు బండిని నిటారుగా పట్టుకోవాలి. రెండో మనిషి ముందు ఫోర్కు కింది క్లాంపు చుట్టూ మెత్తటి గుడ్డ లూపు వేసి, దానికి రాట్చెట్ బెల్ట్ (మీట ఆడిస్తూ బిగించే పట్టీ) కొక్కెం తగిలించాలి. హ్యాండిల్‌కి నేరుగా ఇనప కొక్కెం వేయకండి, జారుతుంది. రెండు పక్కలా బెల్టులు కిందికి, ముందుకి, పక్కకి ఏటవాలుగా దిగాలి. చెరోసారి కొంచెం కొంచెం బిగిస్తూ పోతే ఫోర్కు కిందికి దిగుతుంది. సగం దిగితే ఆపండి. పూర్తిగా నొక్కేస్తే ఆయిల్ సీళ్లు పోతాయి, అసలు నొక్కకపోతే మొదటి గతుక్కే బెల్ట్ వదులవుతుంది. తర్వాత వెనక రెండు బెల్టులు. సైడ్ స్టాండ్ పైకి తీసేయండి, బరువు టైర్ల మీదే ఉండాలి. పెట్రోలు ట్యాప్ కట్టేయండి. బెల్టుల మిగులు కొసలు ముడేసి కట్టండి. గాలికి కొట్టుకునే బెల్ట్ కొస వంద కిలోమీటర్లలో పీచులు లేచిపోతుంది. బండికి కవర్ కప్పకండి. గాలికి అది రుద్దుకుని రుద్దుకుని పెయింట్‌ని అరగదీస్తుంది.

మా మొదటి ప్రయాణంలో పోర్ట్ అగస్టా దాటాక అద్దంలో చూస్తే బండి హ్యాండిల్ ఎడమ కొస ఎప్పుడూ కనిపించే చోట కనిపించలేదు. ఒక బెత్తెడు కుడికి ఒరిగింది. పక్కకి తీసి ఆపి వెళ్లి చూస్తే, కొత్త బెల్ట్ సాగి, గతుకులో ఫోర్కు కిందికి దిగిన క్షణంలో ఎడమ కొక్కెం లూపులోంచి బయటికి వచ్చేసింది. కుడి బెల్టూ, వెనక రెండూ బండిని పట్టుకుని ఉన్నాయి. చేతులు వణికాయి. వెనక వచ్చేవాళ్ల మీద ఆ బండి పడి ఉంటే? అప్పటినుంచి నాలుక ఉన్న కొక్కేలే వాడుతున్నాను, అవి వాటంతట అవి ఊడవు. బయలుదేరాక 20 కిలోమీటర్లకి ఒకసారి ఆపి బిగించడం, తర్వాత ఆగిన ప్రతిచోటా బెల్ట్‌ని వేలితో మీటి చూడడం అలవాటైంది. గట్టిగా ఉంటే టంగ్‌మని పలుకుతుంది.

అలా ఆగినప్పుడే ట్రైలర్ హబ్‌ల మీద, అంటే చక్రాల నడిమి భాగం మీద, చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే పర్వాలేదు. చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే బేరింగ్ పోతోందని అర్థం. ఒక జత బేరింగులు, గ్రీజు, ట్రైలర్‌కి విడిగా స్టెప్నీ, సరైన సైజు పానాలు, బస్సు బరువుని ఎత్తగల జాకీ, జాకీ కింద పెట్టడానికి వెడల్పాటి చెక్క తప్పకుండా ఉండాలి. బస్సుకి వెనక జంట చక్రాలు కాబట్టి లోపలి టైరులో గాలి పోయినా బయటికి తెలియదు. రోజూ పొద్దున గేజి పెట్టి చూడండి.

ఎప్పుడు వెళ్లాలి, ఏం పెట్టుకోవాలి

మే నుంచి సెప్టెంబరు మధ్య వెళ్లండి. వేసవిలో, అంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా 40 డిగ్రీలు దాటిన రోజులు మామూలే. వాన కూడా తక్కువ అంచనా వేయొద్దు. 2022 జనవరి వరదలకి దారి మధ్యలోని గ్లెన్‌డాంబో దగ్గర, పోర్ట్ అగస్టా నుంచి ఉత్తరానికి పోయే స్టువర్ట్ హైవేనే రోజుల తరబడి మూసేశారు. చలికాలంలో పగలు హాయిగా ఉంటుంది, రాత్రి మాత్రం సున్నా దగ్గరికి పడిపోతుంది. రగ్గులు పెట్టుకోండి. చలికి తాళలేక గ్యాస్ పొయ్యి వెలిగించి తలుపులేసుకుని పడుకోకండి. ఆ విషవాయువుకి వాసన ఉండదు. దాన్ని పసిగట్టే అలారం ఒకటి మంచం దగ్గర బిగించండి.

నీళ్లు మనిషికి రోజుకి పది లీటర్ల లెక్కన, అనుకున్న రోజులకి ఇంకో మూడు రోజులు కలిపి పెట్టుకుంటాం. తాగే నీళ్లు ఒకే ట్యాంకులో ఉంచకండి, కొంత డబ్బాల్లో వేరుగా ఉండాలి. ట్యాంకుకి చిల్లు పడితే అవే ఆధారం.

వంట సామాను విషయంలో తెలుగువాళ్లం ఒకటి గుర్తుపెట్టుకోవాలి. పండు ఈగ భయంతో సౌత్ ఆస్ట్రేలియాలోకి బయటినుంచి తాజా పళ్లు తేనివ్వరు. టమాటాలు, పచ్చిమిరపకాయలు, మామిడికాయలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. మెల్‌బోర్న్ నుంచి వచ్చేవాళ్లు, నార్తర్న్ టెరిటరీ నుంచి తిరిగొచ్చేవాళ్లు సరిహద్దు రాకముందే అవి వండేసుకోవాలి, లేదంటే రోడ్డు పక్కన పెట్టిన డబ్బాలో వేసేయాలి. జరిమానా గట్టిగా ఉంటుంది. పప్పులు, ఎండుమిర్చి, చింతపండు, ఆవకాయ ఉంటే చాలు, వారం గడుస్తుంది. మొదటి రోజుకి పులిహోర కలుపుకుని బయలుదేరండి, దారిలో పొయ్యి వెలిగించే పని ఉండదు. పగలు ఈగలు ముక్కులోకి, కళ్లలోకి వస్తాయి. తలమీద వేసుకునే వలలు అడిలైడ్‌లోనే కొనుక్కోండి.

రోడ్డు మీద

రోజుకి 300 కిలోమీటర్లు, అంతకన్నా వద్దు. పొద్దెక్కాక బయలుదేరి, చలికాలంలో సాయంత్రం నాలుగున్నరకల్లా ఆగిపోండి. తెల్లవారుజామున, సందెవేళ కంగారూలు రోడ్డెక్కుతాయి. ఉత్తరానికి పోయేకొద్దీ కంచెలు లేని పొలాల్లోంచి పశువులు కూడా వచ్చి తారు మీద పడుకుంటాయి. ఎదురుగా కంగారూ వస్తే గట్టిగా పక్కకి తిప్పకండి, బస్సూ ట్రైలరూ కలిసి బోల్తా పడతాయి. నేరుగా బ్రేకు వేయండి.

పోర్ట్ అగస్టా నుంచి పింబాకి సుమారు 170 కిలోమీటర్లు, అక్కడినుంచి గ్లెన్‌డాంబోకి 110. గ్లెన్‌డాంబో నుంచి కూబర్ పీడీకి సుమారు 250 కిలోమీటర్లు మధ్యలో బంకు లేదు. మా బస్సు ట్రైలర్‌తో 100 కిలోమీటర్లకి 17 లీటర్ల డీజిల్ తాగుతుంది, ఎదురుగాలి ఉంటే ఇంకా ఎక్కువ. సగం ట్యాంకు అయ్యాక కనిపించిన బంకుని దాటి పోకండి. రోడ్‌హౌస్‌లు (హైవే పక్కన బంకు, తిండి ఉండే చోట్లు) కొన్నిసార్లు మూతపడతాయి, ముందురోజు ఫోన్ చేసి కనుక్కోండి.

రోడ్ ట్రైన్ అనే లారీలు 53.5 మీటర్ల పొడుగు దాకా ఉంటాయి. అంటే ఒకే ఇంజన్ వెనక మూడు నాలుగు లారీ డబ్బాలు. వెనక నుంచి వచ్చి మిమ్మల్ని దాటేటప్పుడు భయపడి బ్రేకు వేయకండి, పక్క మట్టిలోకీ దిగకండి. ఎడమ పక్కగా, ఒకే వేగంతో పోండి. అది పక్కకి వచ్చాక యాక్సిలరేటర్ మీద కాలు కొంచెం తేలిక చేయండి. ముందు గాలి తోస్తుంది, తర్వాత లాగుతుంది. స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకోండి. లారీ డ్రైవర్లు మాట్లాడుకునే యూహెచ్ఎఫ్ రేడియోలో 40వ ఛానల్ పెట్టుకుంటే ఆ డ్రైవర్లే "ఇప్పుడు దాటుతున్నా" అని చెప్తారు. ఒకసారి ఒక డ్రైవర్ మా ట్రైలర్ లైటు వెలగడం లేదని కూడా చెప్పాడు. ట్రైలర్ ఎప్పుడైనా ఊగడం మొదలైతే గట్టిగా బ్రేకు కొట్టొద్దు. కాలు యాక్సిలరేటర్ మీంచి తీసేసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి. వేగం తగ్గాక ఆపి, బండి ముందుకి జరగాలేమో చూడండి.

పింబా దాటాక చాలా దూరం హైవే వూమెరా నిషేధిత ప్రాంతంలోంచి పోతుంది. అది రక్షణశాఖ ఆయుధ పరీక్షల నేల. హైవే మీద వెళ్లొచ్చు, గుర్తుపెట్టిన చోట్ల ఆగొచ్చు. అక్కడ బండి దింపి లోపలికి పోవాలనిపించినా పోకూడదు, పర్మిట్ కావాలి.

బండి దింపే చోట్లు

కూబర్ పీడీలో రెండు రాత్రులు ఉండండి. 1915లో ఇక్కడ ఓపల్ రాయి దొరికింది. ఎండకి తాళలేక జనం కొండని తవ్వి నేలకింద ఇళ్లు కట్టుకున్నారు, ఇప్పటికీ ఊళ్లో సగం మందికి పైగా అలాగే ఉంటారు. బస్సుని క్యాంపులో వదిలి, ఊరికి ఉత్తరాన సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న బ్రేకవేస్‌కి బండి మీద వెళ్లండి. దానికి పాస్ ఉంటుంది, ముందే తీసుకోవాలి. తెల్ల కొండ, దాని పక్కనే కుంకుమ రంగు కొండ, చుట్టూ చెట్టన్నది లేని మైదానం. దగ్గర్లోనే డాగ్ ఫెన్స్ ఉంది. డింగో కుక్కలు గొర్రెల మీద పడకుండా కట్టిన 5,600 కిలోమీటర్లకు పైగా పొడుగున్న కంచె. ఇంజన్ ఆపి ఆ కంచె దగ్గర నిలబడితే తీగ మీద గాలి సన్నగా ఈల వేయడం వినిపిస్తుంది. ఎడమా కుడీ కనుచూపు మేర అదే తీగ. ఆ నిశ్శబ్దం బస్సు కిటికీలోంచి దొరకదు.

అక్కడ గుర్తున్న దారి వదలొద్దు. ఊరి చుట్టూ మూతల్లేని ఓపల్ గుంతలు వేలకొద్దీ ఉన్నాయి. ఫోటో కోసం వెనక్కి నడవకండి అని బోర్డులే పెట్టారు.

బండి మీద వెళ్లేటప్పుడు టైర్లలో గాలి కొంచెం తగ్గించండి, ఇసుక వస్తే ఫుట్ రెస్టుల మీద నిలబడి, చూపు దూరంగా పెట్టి, థ్రాటిల్ వదలకుండా నడపండి. మూడు లీటర్ల నీళ్లు, ట్యూబు, పంపు, పంక్చర్ సామాను ఉండాలి. పీఎల్‌బీ అనే చిన్న పరికరం కొనండి. మీట నొక్కితే శాటిలైట్ ద్వారా రక్షణ సిబ్బందికి మీరున్న చోటు తెలుస్తుంది. ఆమ్సా (ఆస్ట్రేలియా సముద్ర భద్రతా సంస్థ) వెబ్‌సైట్‌లో దాన్ని ఉచితంగా రిజిస్టర్ చేయండి. అది బండికి కట్టిన సంచిలో కాకుండా మీ జాకెట్ జేబులో ఉండాలి, ఎందుకంటే పడితే మీరొకచోట, బండి ఒకచోట ఉండొచ్చు. ఇన్నిటికి తిరిగొస్తాను, రాకపోతే ఫలానా టైముకి ఫోన్ చెయ్యి అని బస్సులో ఉన్నవాళ్లకి చెప్పి వెళ్లండి. ఎమర్జెన్సీ నంబరు 000. అయితే ఊళ్లు దాటితే ఫోన్ సిగ్నల్ ఉండదు, ఉన్నచోట టెల్‌స్ట్రా అనే ఫోన్ కంపెనీకే ఎక్కువ ఉంటుంది. బస్సైనా బండైనా ఎక్కడ ఆగిపోయినా దాన్ని వదిలి నడిచిపోకండి. పైనుంచి వెతికేవాళ్లకి మనిషి కంటే వాహనమే ముందు కనిపిస్తుంది.

హైవే మీద ఉత్తరానికి పోతూ ఎర్ల్‌డండా దగ్గర ఎడమకి తిరిగితే ఉలురు దగ్గరి ఊరు యులారాకి సుమారు 250 కిలోమీటర్లు, అంతా తారే. ఉలురు పార్కు లోపల రాత్రి బస లేదు, యులారా క్యాంప్‌గ్రౌండ్‌లోనే బస్సు పెట్టాలి. ముందే బుక్ చేయండి. సూర్యోదయానికి బస్సులోనే వెళ్లండి, ఆ చీకట్లో బండి వద్దు. ఎండ వచ్చాక బండి మీద కటా జూటా కొండలకి పోండి, సుమారు 50 కిలోమీటర్లు, రోడ్డు అద్దంలా ఉంటుంది. పార్కులో రోడ్డు దిగి ఇసుకలోకి బండి పోనివ్వకూడదు. ఉలురు ఎక్కడం 2019 అక్టోబరు 26 నుంచి పూర్తిగా ఆగింది. ఆ నేల అసలు వారసులైన అనంగు ప్రజలు ఎక్కొద్దని ఏళ్ల తరబడి అడిగారు. చుట్టూ సుమారు పది కిలోమీటర్ల కాలిబాట ఉంది, మధ్యలో కొన్నిచోట్ల ఫోటోలు తీయొద్దని బోర్డులుంటాయి. మన ఊళ్లో గర్భగుడి ముందు ఫోన్ జేబులో పెట్టుకున్నట్టే పెట్టేసుకోండి.

ఇంకో మూడు రోజులుంటే ఆలిస్ స్ప్రింగ్స్ దాకా పోండి. అక్కడినుంచి పడమటి మక్‌డానెల్ కొండల వెంట ఆర్మిస్టన్ గార్జ్‌కి సుమారు 135 కిలోమీటర్లు తారు రోడ్డే. బస్సు కూడా పోతుంది గానీ, ఈ దారి బండికే ఇవ్వండి. ఒక పక్క ఎర్ర కొండల వరస, చివర్లో చల్లటి నీళ్ల మడుగు.

ఇంటికొచ్చిన రోజే బస్సు కింద, ట్రైలర్ కింద నీళ్లు బాగా కొట్టి ఆ ఎర్రదుమ్ము వదిలించండి. ఎయిర్ ఫిల్టర్ మార్చండి. బండి చైను కడిగి నూనె పెట్టండి. ట్రైలర్ బేరింగులు విప్పి కొత్త గ్రీజు కొట్టండి. నాలుగు బెల్టులూ వెలుతురులో పెట్టి అంగుళం అంగుళం చూడండి. పీచు లేచినది కనిపిస్తే కత్తిరించి పడేయండి, లేకపోతే మళ్లీసారి తొందరలో అదే చేతికొస్తుంది.